చిత్రకారుడి ఉత్తరంలో ఏ వాక్యం చదవాలి?

రాజమండ్రిలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఓ పక్కగా నిలబడి, వచ్చేపోయే వాళ్లను కాసేపు గమనించండి. చాలామంది బొమ్మ దగ్గరికి రాగానే ముందు దాని పేరు వెతుక్కుంటారు. ‘ఋష్యశృంగ బంధనం’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’. పేరు దొరికాక గానీ బొమ్మ మీద చూపు నిలవదు. ఇందులో ఎగతాళి చేయాల్సిందేమీ లేదు. బొమ్మ మాట్లాడదు, మనకేమో మాట కావాలి. ఆ మాట గీసినవాళ్ల నోటి నుంచే వస్తే ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిత్రకారుల ఉత్తరాలు, డైరీలు, ఆత్మకథలు అచ్చయితే బొమ్మల జోలికి పెద్దగా పోనివాళ్లు కూడా ఆసక్తిగా చదివేది అందుకే.

చిక్కంతా చదివే తీరులో ఉంది. ఉత్తరాల సంపుటం చేతికి రాగానే మనం గుండె విప్పి చెప్పుకున్న వాక్యాల కోసం వెతుకుతాం. ఒంటరితనం, పేదరికం, ప్రేమ, పిచ్చి. కింద గీత గీసుకునేదీ, ఫేస్‌బుక్‌లో పెట్టుకునేదీ వాటినే. నన్నడిగితే బొమ్మను చూడటానికి అక్కరకొచ్చేవి ఎక్కువగా అవి కావు. ఏ రంగు ఎన్ని ట్యూబులు కావాలి, కాన్వాసు ఎంత మిగిలింది, డబ్బు ఎప్పుడు అందుతుంది, ఆ పూట గాలి ఎలా వీచింది లాంటి చప్పటి వాక్యాలే బొమ్మను బాగా చూపిస్తాయి. రాసేటప్పుడు ఎవరినీ మెప్పించాలన్న ఆలోచన వాటిలో ఉండదు మరి.

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో వేసిన పడకగది బొమ్మ సంగతే తీసుకుందాం. 1888 అక్టోబర్‌లో, దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊళ్లో ఉన్నప్పుడు తన గదిని గీస్తూ తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. పక్కనే చిన్న స్కెచ్ కూడా వేసి, రంగులన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. గోడలు లేత వంగపండు రంగు. నేల ఎర్ర పలకలు. మంచం, కుర్చీల చెక్క తాజా వెన్నలాంటి పసుపు. దుప్పటీ, దిండు నిమ్మపండు పచ్చదనం ఉన్న లేత ఆకుపచ్చ. పైన కప్పుకునేది నిండు ఎరుపు. కిటికీ ఆకుపచ్చ, బల్ల నారింజ, నీళ్ల బేసిన్ నీలం, తలుపులు ఊదా. అంతే. కవిత్వం లేదు, కన్నీళ్లు లేవు. చాకలి పద్దు రాసినంత పొడిగా రాశాడు.

ఇప్పుడా బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. చూస్తే గోడలు నీలంగా ఉంటాయి. వంగపండు రంగు ఎక్కడా కనపడదు. మరి ఉత్తరంలో అబద్ధం రాశాడా? లేదు. బొమ్మ మీది రంగుల్ని శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే తేలింది ఏమిటంటే, ఆ గోడలకు ఆయన నీలంతో పాటు త్వరగా వెలిసిపోయే రకం ఎరుపు కలిపాడు. వెలుతురు తగిలి తగిలి ఎరుపు ఎగిరిపోయింది, నీలం మిగిలింది. వెలిసిపోతాయని ఆయనకు తెలియకా కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో రంగులకు ఆర్డర్ పంపుతూ, ఇంప్రెషనిస్టులు (వెలుతురును పచ్చి రంగుల్లో పట్టిన అప్పటి ఫ్రెంచి చిత్రకారులు) ఫ్యాషన్ చేసిన రంగులన్నీ నిలవనివేనని, కాబట్టి ఇప్పుడే కాస్త పచ్చిగా, ముతకగా వేస్తే కాలమే మెత్తబరుస్తుందని రాశాడు. రంగులు వరసగా చెప్పిన ఆ ఉత్తరమూ, రంగుల షాపు చిట్టా కలిసిన ఈ ఉత్తరమూ లేకపోతే, నీలం గోడలు ఆయన కోరుకున్నవేనని అందరం నమ్మేసేవాళ్లం.

రంగు మారితే ఏమైందని అడగవచ్చు. చాలా అయింది. పసుపు, వంగపండు రంగు ఎదురెదురు రంగులు. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి నిలబెడతాయి, సరిగ్గా తూస్తే కంటికి నిమ్మళంగా ఉంటాయి. ఈ బొమ్మ చూస్తే తలకు, ఇంకా చెప్పాలంటే ఊహకు, విశ్రాంతి దొరకాలని ఆయనే రాశాడు. ఇప్పుడు నీలం గోడల్ని చూసి అందులో దిగులు, చలి, మతి చలించే ముందటి గది అంటూ వ్యాఖ్యానాలు అల్లేవాళ్లు ఉన్నారు. వాళ్లు చూస్తున్న దిగులులో సగం రసాయనశాస్త్రం పని.

గోదావరి జిల్లాల వాళ్లకు దగ్గరగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఆసుపత్రిలో ఉండగా రోన్ నదికి వరద వచ్చి ఆ ఇంట్లో చెమ్మ చేరింది, ఈ బొమ్మ దెబ్బతింది. అందుకే 1889లో మళ్లీ అదే కొలతలో ఇంకొకటి వేశాడు, అదిప్పుడు షికాగోలో ఉంది. తర్వాత అమ్మకూ చెల్లెలికీ పంపడానికి చిన్నది వేశాడు, అది పారిస్‌లో ఉంది. ఒకే గది మూడుసార్లు ఎందుకు వేశాడన్న ప్రశ్నకు పెద్ద పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. మొదటి కారణం వరద.

ఇక ఎవరికి రాశాడన్నది. ఇదే గది గురించి ఒకట్రెండు రోజుల తేడాలో తోటి చిత్రకారుడు గోగాన్‌కు కూడా రాశాడు. తమ్ముడికి విశ్రాంతి గురించి విడమరిచి చెప్పినవాడు, గోగాన్‌కు వచ్చేసరికి గదిలో ఏమీ లేదు, ఫ్రెంచి చిత్రకారుడు సెరా బొమ్మల్లో ఉండే నిరాడంబరత్వం ఇది, రంగు చదునుగా, మందంగా పూశాను అంటూ పనివాడి భాషలోకి దిగాడు. గోగాన్ ఆ ఇంటికి రాబోతున్నాడు, అతనితో కలిసి పనిచేయాలి, తానేమీ తక్కువ తినలేదని అతనికి తెలియాలి. థియో సంగతి వేరు. నెలనెలా డబ్బు పంపేది అతను. అందుకని థియోకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఎంతో కొంత ‘నీ డబ్బు వృథా పోవడం లేదు’ అన్న లెక్క అప్పజెప్పడం ఉంటుంది. చెల్లెలికి రాసినప్పుడు బొమ్మల గురించి తెలియని మనిషికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. మూడూ నిజాలే. ఏదో ఒకటి పట్టుకుని ‘చిత్రకారుడి మనసు ఇదీ’ అంటే మాత్రం తప్పటడుగే.

పైగా ఆయన రాసినవి 820 దాకా దొరికాయి. ఆయనకు వచ్చినవి వందకు లోపే. వచ్చినవాటిని విన్సెంట్ సరిగ్గా దాచుకోలేదు, థియో దాచాడు. అంటే మనం చదువుతున్నది ఫోన్‌లో ఒకవైపు మాటలే వినడం లాంటిది. అవతలివాళ్లు ఏమన్నారో ఊహించుకుని మనమే పూరించుకుంటాం. ఆ పూరించుకోవడంలోనే ఆయన చుట్టూ సగం పురాణం పుట్టింది.

ఆ పురాణంలో పెద్ద అధ్యాయం ‘కాకులు ఎగిరే గోధుమ చేను’. అదే ఆయన ఆఖరి బొమ్మ అనీ, కాకులు మృత్యువుకు గుర్తనీ, చేలో ఆగిపోయిన బాట ఆత్మహత్య ఆలోచన అనీ తరాలుగా చెప్పుకున్నారు. 1890 జూలై 10 ప్రాంతంలో, అంటే చనిపోవడానికి రెండు వారాలకు పైగా ముందే, కల్లోలంగా ఉన్న ఆకాశం కింద విశాలమైన గోధుమ చేలను గీశానని ఆయన రాశాడు. ఈ బొమ్మ వాటిలో ఒకటని పండితుల అంచనా. ఆఖరిది చెట్ల వేర్ల బొమ్మ అని ఇప్పుడు వాన్ గో మ్యూజియం వాళ్లే చెబుతున్నారు. అసలు విశేషం ఆ ఉత్తరంలోనే ఉంది. విచారాన్ని, విపరీతమైన ఒంటరితనాన్ని చూపాలని ప్రయత్నించానన్న వాక్యాన్ని అందరూ ఎత్తి చూపుతారు. ఆ వెంటనే, పల్లెపట్టులో ఒంటికి, మనసుకు బలమిచ్చేది ఏముందో మాటల్లో చెప్పలేనిది ఈ బొమ్మలు మీకు చెబుతాయి అని కూడా ఉంది. ఆ రెండో వాక్యం సినిమాలకు పనికిరాదు, కాబట్టి దాన్ని వదిలేశారు.

థియో భార్య జొహానా ఈ ఉత్తరాలను 1914లో గానీ పూర్తిగా అచ్చు వేయలేదు. థియో 1891లోనే చనిపోయాడు. అన్నేళ్లు ఎందుకు ఆగింది? బొమ్మలకు దక్కాల్సిన గుర్తింపు దక్కకముందే మనిషి మీద ఆసక్తి రేపడం ఆయనకు అన్యాయం చేయడమే అవుతుందని ఆమే రాసింది. ఎంత తెలివైన మాట! ముందు బొమ్మ నిలబడాలి, కథ తర్వాత. ఇప్పుడు మనవాళ్లు చాలామంది కళాకారుల విషయంలో చేస్తున్నది దీనికి తలకిందులు.

నా వాదనకు అడ్డంగా నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది, దాటేసి పోతే బాగోదు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ వేసిన ‘కేక’. అందులో ఉన్న మనిషే కేక పెడుతున్నాడని చాలామంది అనుకుంటారు. 1892 జనవరిలో మంక్ రాసుకున్నది వేరు. ఇద్దరు మిత్రులతో నడుస్తుంటే పొద్దు గూకింది, ఆకాశం నెత్తురులా ఎర్రబడింది, ప్రకృతి అంతటా ఓ పెద్ద కేక సాగిపోతున్నట్టు తనకు తోచింది. అంటే కేక బయటిది. బొమ్మలో మనిషి చేతులు చెవుల మీద ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఇది చప్పటి లెక్కల వాక్యం కాదు, నిఖార్సయిన మనసు మాటే. అయినా పనికొచ్చింది. ఎందుకంటే ఏమనిపించిందో చెప్పి ఊరుకోకుండా ఎక్కడ, ఎప్పుడు, ఏం కనిపించి, ఏం వినిపించిందో చెప్పాడు. అదే బొమ్మ మీద, 1893 నాటి ప్రతిలో, పెన్సిల్‌తో సన్నగా ‘ఇది పిచ్చివాడు మాత్రమే గీయగలడు’ అని రాసి ఉంటుంది. ఎవరో ఆకతాయి రాశాడనుకున్నారు చాలాకాలం. 2021లో ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలతో పరీక్షించి, దస్తూరీ మంక్‌దేనని నార్వే నేషనల్ మ్యూజియం తేల్చింది. జనం తన మతి స్థిమితం మీద అన్న మాటకు ఆయన ఇచ్చుకున్న జవాబో, ఒప్పుకోలో, వెటకారమో. మూడింటికీ వీలుంది.

మరోవైపు, రాతలు నిలువునా మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. గోగాన్ తాహితీ దీవిలో తన బతుకు గురించి ‘నోవా నోవా’ అని రాశాడు. అక్కడి దేవతల కథలన్నీ తనతో కాపురం చేసిన చిన్నపిల్ల చెప్పినట్టు అందులో ఉంటుంది. నిజానికి వాటిలో చాలా భాగం మోరెన్‌హూట్ అనే అతను 1837లో అచ్చు వేసిన పుస్తకం నుంచి ఎత్తుకున్నవి. పారిస్‌లో బొమ్మలు అమ్ముడుపోవాలి, వాటికో కథ తోడు కావాలి. చిత్రకారుడు పాల్ క్లే తన డైరీలను తర్వాత తానే దిద్ది సాపు రాసుకున్నాడు. 1914లో ట్యునీషియా వెళ్లినప్పుడు రంగు తనను ఆవహించిందని రాసిన పేజీని కూడా ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

మన దేశంలోకి వద్దాం. కోనసీమలో ఏ పాత ఇంట్లో దేవుడి గూడు చూసినా లక్ష్మో సరస్వతో రవివర్మ పటం ఒకటి ఉండేది. తామరలో నిలబడ్డ లక్ష్మి మనకు అంత అలవాటైపోయింది కాబట్టి, దాని వెనక ఒక వర్క్‌షాపు, ఒక ప్రెస్సు, ఒక కుటుంబం ఉన్నాయన్న ఊహ రాదు. రవివర్మ తమ్ముడు సి.రాజరాజవర్మ కూడా చిత్రకారుడే. ఆయన ఇంగ్లిషులో డైరీ రాశాడు. అందులో ఆత్మశోధన తక్కువ, పని ఎక్కువ. ఫలానా చోటికి రైల్లో వెళ్లాం, ఫలానా దొరగారు కూర్చున్నారు, ముఖం వేశాం, ఫలానా నాటకం చూశాం. ‘వేశాను’ కాదు, చాలాచోట్ల ‘వేశాం’. కింద రవివర్మ సంతకం ఉన్న బొమ్మల్లో తమ్ముడి చేయి ఎంత ఉందో ఆలోచించడం అక్కడ మొదలైంది. పటాల్లో అమ్మవారి వెనక కనిపించే కొండలు, నీళ్లు, ఆకాశం వైపు మన చూపు తిరిగింది. ప్రకృతి దృశ్యాలంటే తమ్ముడికి ప్రాణం. అన్నగారు ఆత్మకథ రాసి ఉంటే ఈ సంగతి ఇంత తేటగా బయటపడేదా అని నా అనుమానం.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ దారి వేరు. ఆమె ఉత్తరాల్లో నిప్పు ఉంటుంది. ఐరోపా పికాసోది, మతీస్‌ది, ఇండియా మాత్రం నాదే అనగలిగిన మనిషి. 1934లో ఇండియాకు తిరిగి వచ్చేస్తానని తల్లిదండ్రులను ఒప్పిస్తూ రాసిన ఉత్తరంలో, అజంతా కుడ్యచిత్రం ఒక్కటి గానీ, పారిస్ గీమే మ్యూజియంలోని చిన్న శిల్పం గానీ మొత్తం రినైజాన్స్ (ఐరోపా పునరుజ్జీవన కాలపు కళ) కంటే విలువైనదని తేల్చి చెప్పింది. ఈ వాక్యాన్ని అందరూ ఉటంకిస్తారు. తేదీని ఎవరూ పట్టించుకోరు. ఆమె అజంతా వెళ్లింది 1936 చివర్లో. అంటే గోడ ముందు నిలబడకముందే, యూరప్‌లో కూర్చుని, అజంతా కావాలని నిర్ణయించుకుంది. ఆధునిక కళే తనకు భారతీయ కళను చూపిందని అదే ఉత్తరంలో ఒప్పుకుంది కూడా. అందుకే 1937 నాటి ‘పెళ్లికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’ చూసేటప్పుడు, అజంతా చూసి మారిపోయిన అమ్మాయి అనుకోవడం కంటే, ముందే వెతుక్కుంటున్నది అజంతాలో దొరికిన అమ్మాయి అనుకుంటే బొమ్మ బాగా తెరుచుకుంటుంది. వాక్యం గొప్పదే, బొమ్మను విప్పింది మాత్రం పైన వేసిన తేదీ.

ఆమె దాచుకున్న ఉత్తరాలను, నెహ్రూ రాసినవాటితో సహా, ఆమె ఊళ్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లు తగలబెట్టారు. పరువు భయం. ఇది ఒక్క షేర్‌గిల్ ఇంటి కథే కాదులెండి.

ఇక మన డెల్టా. ముందుగా ఒక నోటుపుస్తకం సంగతి చెప్పాలి. నరసాపురం వైపు చేపల బోట్లకు రంగులేసి, పేర్లు రాసే ఒక పెద్దాయన పద్దుల పుస్తకం ఓసారి చూసే అవకాశం దొరికింది. గీతల నోటుపుస్తకం, అట్ట మీద తారు మరక, పేజీల అంచులకు వేళ్ల రంగు. ప్రతి పేజీలో బోటు పేరు, కింద సరుకు: నీలం రెండు డబ్బాలు, తెలుపు ఒకటి, ఎరుపు పావు, టర్పెంట్ సీసా. కుడివైపు అడ్వాన్సు, బాకీ. మధ్యమధ్యలో ఒకటో రెండో ముక్కలు. ఒకచోట ‘నీలం చాల్లేదు, ఆకుపచ్చ కలిపా’. ఇంకోచోట ‘పసుపు అంచు వద్దన్నారు, పాత బోటుకి పసుపు అంచు, అచ్చిరాలేదు’. ఇన్నాళ్లూ రేవులో బోట్ల రంగుల్ని చూసి ఇక్కడివాళ్ల రంగుల అభిరుచి అని ఏదో ఒకటి అనుకునేవాళ్లం. ఒక అంచు పసుపు కాకపోవడానికి వెనక అచ్చిరాని పాత బోటు ఉందని ఈ పద్దు చెబితే తప్ప ఎలా తెలుస్తుంది? ఇవన్నీ ఎందుకు రాశారండీ అంటే ఆయన నవ్వి, “బాకీలు మర్చిపోతానని రాసుకున్నానండి, ఆయ్. బొమ్మల గురించి ఎవడైనా రాస్తాడేటండి?” అన్నాడు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డు పని పడిపోయి పుస్తకం సగంలో ఆగింది, బోట్ల పని మాత్రం కొంత మిగిలింది.

మళ్లీ రామారావు దగ్గరికి. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. 27 ఏళ్లు. ఆత్మకథ రాసే వయసు కాదు, వాన్ గోకు ఉన్నట్టు ఉత్తరాల సంపుటాలూ ఆయనకు లేవు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువు, అక్కడి పద్ధతి ప్రకారం ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి కండా ఎముకా తెలిసేలా గీయడం. ఇంకోవైపు అజంతా, అక్కడి గీత, నీడల కంటే రేఖ మీద నడిచే రూపం. ఈ రెండూ ఆయన చేతిలో ఎలా రాజీపడ్డాయన్నదే రామారావు బొమ్మల్లోని అసలు ప్రశ్న. దానికి ఆయన మాటగా జవాబు లేదు. కానీ స్కెచ్‌లు ఉన్నాయి. నా దృష్టిలో స్కెచ్ బుక్ కూడా సొంత రాతే, అదీ ఎవరికోసమూ వేషం కట్టని రాత. ఒకే చేయి నాలుగు రకాలుగా వేసి మూడు వదిలేసిన పేజీ, చిత్రకారుడు ఏది వద్దనుకున్నాడో చెబుతుంది. పూర్తయిన తైలచిత్రం ఆ సంగతి దాచేస్తుంది. గ్యాలరీకి వెళ్లినవాళ్లు పెద్ద బొమ్మల దగ్గర ఇచ్చిన సమయంలో సగమైనా పెన్సిల్ గీతల దగ్గర ఇవ్వాలని నా కోరిక.

ఆయన గురించి చుట్టుపక్కలవాళ్ల రాతలు కొంత దారి చూపుతాయి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. రామారావును, అడివి బాపిరాజును, వరద వెంకటరత్నాన్ని చేరదీసింది ఆయనే. ఇంగ్లండ్ వెళ్లిపోయాక 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అని ఇక్కడి అనుభవాలను పుస్తకంగా వేశాడు. ప్రేమగల మనిషే, సందేహం లేదు. అయినా చదివేది ఇంగ్లండ్ పాఠకుడన్న స్పృహతో రాసే మనిషికి గోదావరి ఒకలా కనపడుతుంది, గట్టు మీద పుట్టి పెరిగిన శిష్యుడికి ఇంకోలా. గురువు గారి పుస్తకాన్ని శిష్యుల బొమ్మల పక్కన పెట్టుకుని చూడాలి, బొమ్మల పైన కప్పకూడదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆ ఇంటి ఆడవాళ్లు బొమ్మల గురించి తమలో తాము ఏం మాట్లాడుకునేవారో వినాలని నాకు ఎక్కువ ఆశ.

బాపిరాజు దగ్గర సమస్య తిరగబడుతుంది. భీమవరం ప్రాంతపు మనిషి, కూల్డ్రే దగ్గర మొదలై బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బొమ్మలు నేర్చినవాడు. కానీ తెలుగువాళ్లకు ఆయన నవలాకారుడిగా, పాటల కవిగానే ఎక్కువ తెలుసు. ఇక్కడ రాత ఎంత ఉందంటే బొమ్మ దాని చాటున పడిపోయింది. నవల డైరీ కాదు, అందులో పాత్ర మాటను రచయిత మాటగా పట్టుకుని కోర్టుకెక్కకూడదు. అయినా ‘హిమబిందు’లో శిల్పి సువర్ణశ్రీని నాయకుడిగా పెట్టుకున్న మనిషి, చీరల రంగులూ నగల పేర్లూ అంత ఓపిగ్గా రాసిన మనిషి, కుంచె పట్టినప్పుడు దేనికి మురిసేవాడో కొంత పట్టిస్తాడు. వర్ణన దగ్గర పేజీలు తిప్పేయడం మన అలవాటు. బొమ్మల కోసం చదివేటప్పుడు సరిగ్గా అక్కడే ఆగాలి.

మూడో రకం బాపు. నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ. సభల్లో మాట్లాడమంటే తప్పించుకునే మనిషి, మాటల పనంతా ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణకు అప్పగించేశారు. రమణ ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’ స్వాతి వారపత్రికలో వచ్చింది, బొమ్మలు బాపువి. అది స్నేహితుడి సాక్ష్యం, పైగా గొప్ప హాస్యగాడి సాక్ష్యం, కాబట్టి కథ బాగా కుదిరిన చోటల్లా కాస్త అనుమానం ఉంచుకునే చదవాలి. కానీ పత్రికాఫీసులు, జీతాలు, చివరి నిమిషంలో అడిగే బొమ్మలు, చేబదుళ్లు లాంటివి వచ్చినప్పుడు చెవులు రిక్కించండి. ఆ రోజుల్లో పత్రికలకు జింకు బ్లాకుల అచ్చు. గీత బ్లాకులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, నడుమ మసక నీడకు చోటు లేదు. కాగితం నాసిరకం, సన్నటి గీతలు దగ్గరదగ్గరగా వేస్తే సిరా అలుక్కుపోతుంది. అంటే అచ్చులో బతకాలంటే గీత తక్కువగా, తేటగా ఉండాలి. బాపు గీతలోని పొదుపు ప్రతిభే, ఎవరు కాదంటారు? ఆ ప్రతిభ ఇరుకు గదిలో కసరత్తు చేసి నేర్చుకున్నదని మాత్రం ప్రెస్సు సంగతులే చెబుతాయి.

ఇన్ని మాటలకూ ఆధారం కాగితం. డెల్టాలో కాగితానికి ఆయుష్షు తక్కువ. చెమ్మ, చెదలు, వెండిపురుగులు, వీటన్నిటి మీద వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు లంకల్లో ఎన్ని ఇళ్లల్లో ఎన్ని పెట్టెలు నానాయో లెక్కలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఇనుప కమ్మీకి గుచ్చి దూలానికి వేలాడదీసే అలవాటు అప్పట్లో ఉండేది. ఆ పుణ్యమా అని కొన్ని మిగిలాయి, మధ్యలో ఓ చిల్లు, దాని చుట్టూ తుప్పు మరకతో.

మీ ఇంట్లో డ్రాయింగ్ మాస్టారో, బోర్డు ఆర్టిస్టో, పెళ్లిళ్లకు గోడల మీద బొమ్మలు వేసిన పెద్దమ్మో ఉండి, వాళ్ల కాగితాలు అటక మీద దొరికితే గొప్ప వాక్యాల కోసం వెతకొద్దు. కిరాణా చిట్టాలా కనిపించేది కూడా పారేయకండి. కార్డుకు రెండు వైపులా ఫొటో తీయండి, తపాలా ముద్రలో తేదీ ఉంటుంది, ఊరు ఉంటుంది. కవరునూ ఉత్తరాన్నీ విడదీయకండి, నోటుపుస్తకంలో ఖాళీ పేజీలు చించకండి. ఏ కాగితం దేని పక్కన దొరికిందో ఓ మాట రాసి పెట్టండి. అందులో ఇతరుల ఇంటి గుట్టు ఉంటే, అచ్చు వేయాలా వద్దా అన్నది వాళ్ల పిల్లలను అడిగాకే తేల్చుకోండి, తగలబెట్టడానికి మాత్రం తొందర పడకండి. లామినేషన్ అసలు చేయించొద్దు. ప్లాస్టిక్ ఒకసారి వేడికి కాగితానికి అంటుకుందంటే, మళ్లీ కాగితం చెడకుండా దాన్ని ఊడదీయడం దాదాపు అయ్యే పని కాదు.